పెట్టె మీద రాయని సంగతి: టీవీ తెరల్లో క్వాంటం చుక్కల పోటీ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రెండు నెలల కిందట సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, నువ్వు టీవీల కంపెనీలో తెరలు పరీక్షించే పని ఇరవై ఏడేళ్లు చేసినవ్. స్వర్ణోత్సవ నిధితో ఆరు తరగతి గదులకు పెద్ద టీవీలు కొందామనుకుంటున్నాం. దుకాణంలో అందరూ క్యూలెడ్ తీసుకొమ్మంటున్నారు. తీసుకోవాల్నా, వద్దా?" అని అడిగాడు. ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు, చివర్లో చెబుతాను కూడా. కానీ ఆ మాటకు ముందు తెలుసుకోవలసిన కథ ఒకటి ఉంది. సభలో మాట్లాడతానని నేనే అడిగాను.

మాదన్నపేటలో పెరిగిన మా వయసు వాళ్లకు ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. మా గల్లీ మొత్తానికి ఒకే ఇంట్లో టీవీ ఉండేది. అది మన ఈసీఐఎల్ వాళ్లు చేసిన ఈసీ టీవీ. ఆదివారం సినిమాకు మండీలో కూరగాయలు అమ్మేవాళ్లు కూడా తట్టలు పక్కన పెట్టి ఆ గుమ్మంలో కూర్చునేవారు. ఆ నలుపు తెలుపు తెర ముందు ఇంటాయన ఒక ప్లాస్టిక్ కాగితం కట్టాడు. పైన నీలం, నడుమ ఎరుపు, కింద పచ్చ. ఆకాశం నీలంగా, నేల పచ్చగా కనిపించేవి. ఎన్టీఆర్ మొహం మాత్రం లేచి నిలబడితే నీలం, కూర్చుంటే ఎరుపు. మేం అదే రంగుల టీవీ అనుకుని సంబరపడ్డాం. అసలు రంగుల ప్రసారాలు మన దేశానికి 1982లో వచ్చాయి.

ఈ రోజు దుకాణాల్లో లక్షల్లో అమ్ముడవుతున్న క్యూలెడ్ టీవీలోనూ ఒక ప్లాస్టిక్ పొర ఉంది. అప్పుడది తెర ముందు ఉండేది, ఇప్పుడు తెర వెనక ఉంది. ఆ పొరలో ఏముందన్నదే ఇవాళ్టి విషయం.

మామూలు ఎల్‌ఈడీ టీవీలో తెర తనంతట తాను వెలగదు. వెనక దీపాలుంటాయి. అవి నిజానికి నీలం దీపాలు. వాటి మీద పసుపు కాంతినిచ్చే పూత వేస్తే నీలం, పసుపు కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి. ఆ తెలుపులోంచి ఎరుపు, పచ్చ, నీలం రంగులను జల్లెడ పట్టి బొమ్మ తయారుచేస్తారు. చిక్కు ఏమిటంటే, ఆ పసుపు కాంతిలో అచ్చమైన ఎరుపు తక్కువ, అచ్చమైన పచ్చ కూడా తక్కువ. జల్లెడ ఎంత మంచిదైనా పిండిలో లేనిది రాలదు కదా. అందుకే మిరపకాయ ఎరుపు కాస్త నారింజ వైపు, వరి మడి పచ్చ కాస్త పసుపు వైపు జరిగేవి.

దీనికి విరుగుడుగా వచ్చినవే క్వాంటం డాట్లు. నేను చుక్కలని అంటాను. ఇవి కొన్ని నానోమీటర్ల పరిమాణం ఉన్న స్ఫటికాలు. నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు. చార్మినార్ పక్క గల్లీల్లో మిఠాయిల మీద వేసే వెండి వరఖ్‌ను తోలు పొరల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవాళ్లను మీరంతా చూశారు. ఊదితే ఎగిరిపోయే ఆ వరఖ్ మందంలో ఈ చుక్కలను ఒకదాని మీద ఒకటి పదుల సంఖ్యలో పేర్చవచ్చు.

ఇంత చిన్న స్ఫటికంలో ఒక వింత జరుగుతుంది. పదార్థం మారకపోయినా, పరిమాణం మారితే రంగు మారుతుంది. మన బోనాల్లో, బారాత్‌లో మోగే వాయిద్యాలే చూడండి. చిన్న డప్పుది సన్నని గొంతు, పెద్ద డప్పుది బొంగురు గొంతు. తోలు అదే, చోటు మాత్రం వేరు. అలాగే స్ఫటికంలో ఎలక్ట్రాన్ తిరగడానికి చోటు ఇరుకైతే వెలువడే కాంతి నీలం వైపు జరుగుతుంది, విశాలమైతే ఎరుపు వైపు జరుగుతుంది. కాడ్మియం సెలెనైడ్ చుక్క సుమారు 2 నానోమీటర్లుంటే నీలం, 3 దగ్గర పచ్చ, 6 దగ్గర ఎరుపు. వెనక నీలం దీపం పెట్టి, ముందు ఎరుపు చుక్కలు, పచ్చ చుక్కలు కలిపిన పొర పెడితే, నీలం కాంతిలో కొంత అచ్చమైన ఎరుపుగా, కొంత అచ్చమైన పచ్చగా మారుతుంది. జల్లెడకు ఇప్పుడు మంచి పిండి దొరికింది.

ఈ సంగతి మొదట కనిపించింది గాజులో. 1981లో సోవియట్ యూనియన్‌లో అలెక్సీ ఎకిమోవ్ రంగు గాజులో కాపర్ క్లోరైడ్ స్ఫటికాల పరిమాణాన్ని బట్టి అవి కాంతిని పీల్చుకునే తీరు మారుతోందని చూపాడు. 1983లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో లూయీ బ్రూస్ ద్రావణంలో తేలే కాడ్మియం సల్ఫైడ్ రేణువుల్లో అదే చూశాడు. 1993లో ఎంఐటీలో మౌంగీ బావెండీ బృందం వీటిని ఒకే పరిమాణంలో తయారుచేసే పద్ధతి కనిపెట్టింది. ఆ పద్ధతి మన వంటింట్లోదే అనిపిస్తుంది. బాగా కాగిన నూనెలో ఆవాలు ఒక్కసారిగా వేస్తే అన్నీ ఒకేసారి చిటపటమంటాయి. అలాగే వేడి ద్రావణంలోకి ముడిపదార్థాన్ని ఒక్క ఊపులో ఎక్కిస్తే స్ఫటికాలన్నీ ఒకే క్షణంలో పుట్టి సమంగా పెరుగుతాయి. కావలసిన పరిమాణం వచ్చేసరికి చల్లార్చాలి, పాకం పట్టేవాళ్లు తీగ రాగానే దించేసినట్టు. ఈ ముగ్గురికీ 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు పోటీ సంగతికి వద్దాం. బరిలో మూడు పదార్థాలున్నాయి.

మొదటిది కాడ్మియం సెలెనైడ్. అందరికన్నా పెద్దది, పనిలో ఆరితేరినది. రంగు ఎంత అచ్చమైనదో కొలవడానికి మేం కాంతి పట్టీ వెడల్పు చూస్తాం. పట్టీ ఎంత సన్నగా ఉంటే రంగు అంత శుద్ధం. కాడ్మియం చుక్కల పట్టీ సుమారు 25 నానోమీటర్లు. నీలం కాంతిని బాగా పీల్చుకుంటుంది, వేడికి తట్టుకుంటుంది. 2013లో మొదట మార్కెట్లోకి వచ్చిన సోనీ టీవీల్లో, అమెజాన్ కిండిల్ ఫైర్ పలకల్లో వాడింది దీన్నే.

దీనికి ఒకటే మచ్చ, కానీ పెద్ద మచ్చ. కాడ్మియం విషం. ఒంట్లోకి వెళ్తే మూత్రపిండాల్లో చేరి పదుల ఏళ్లు కదలదు. జపాన్‌లో తొయామా ప్రాంతంలో గని నుంచి నదిలోకి, నది నుంచి వరి పొలాల్లోకి చేరిన కాడ్మియం ఎముకలను గుల్ల చేసింది. నొప్పికి తాళలేక బాధితులు పెట్టిన కేకే ఆ జబ్బుకు పేరైంది, ఇతాయ్ ఇతాయ్ అని.

రెండోది ఇండియం ఫాస్ఫైడ్. పేరులో మన దేశం వినిపిస్తుంది గానీ నేరుగా సంబంధం లేదు. ఇండిగో రంగు గీత వల్ల ఆ లోహానికి ఆ పేరొచ్చింది. 2015లో సామ్‌సంగ్ కాడ్మియం లేని టీవీలను తెచ్చింది దీంతోనే. ఇది మొండి పదార్థం. దీని తయారీలో వాడే ఫాస్ఫరస్ ముడిపదార్థాల్లో కొన్ని గాలి తగిలితేనే అంటుకుంటాయి. పట్టీ వెడల్పు 35 నుంచి 40 నానోమీటర్లు, అంటే రంగు శుద్ధిలో ఒక మెట్టు కింద. నీలం కాంతిని కూడా కాడ్మియమంత గట్టిగా పీల్చుకోదు, కాబట్టి చుక్కలు ఎక్కువ వెయ్యాలి. అయినా ఏళ్ల తరబడి పైపొరలు మెరుగుపరుస్తూ పోయి ఆ తేడాను చాలావరకు పూడ్చారు. 2022లో వచ్చిన క్యూడీ-ఓలెడ్ తెరల్లోనూ ఉన్నది కాడ్మియం లేని చుక్కలే.

మూడోది పెరోవ్‌స్కైట్, అందరికన్నా చిన్నది. 2015లో స్విట్జర్లాండ్‌లో మక్సిమ్ కొవలెంకో బృందం సీజియం, సీసం, బ్రోమిన్ వంటివాటితో ఈ చుక్కలు చేసింది. మన యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ రసాయన శాస్త్ర విభాగంలోనూ వీటి మీద పరిశోధన జరిగింది. దీని పచ్చ రంగు పట్టీ సుమారు 20 నానోమీటర్లే. చూస్తే కన్ను తిప్పుకోలేం. తయారీ కూడా తేలిక. కానీ తేమ తగిలితే కరుగుతుంది, వేడికి వాడిపోతుంది. ఎరుపు చుక్కలు మరీ సున్నితం. పైగా పచ్చ చుక్కలను, ఎరుపు చుక్కలను పక్కపక్కన ఉంచితే ఒకదానిలోని బ్రోమిన్, మరోదానిలోని అయోడిన్ చోట్లు మార్చుకుని రెండు రంగులూ చెడతాయి. అందుకే పచ్చకు మాత్రం పెరోవ్‌స్కైట్ పెట్టి, ఎరుపుకు వేరే పూత వాడే ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఇక ఇందులో ఉన్నది సీసం. అదీ విషమే.

మా ప్రయోగశాలలో మూడు రకాల తెరలు పక్కపక్కన పెట్టి కొలిచేవాళ్లం. కొత్తగా చేరిన పిల్లలు, "సార్, ఏది గెలుస్తుంది?" అని అడిగేవారు. రంగు బాగున్నది గెలుస్తుందని మొదట్లో నేనూ అనుకున్నాను. పొరపాటు. ఈ పోటీలో గీత గీసింది చట్టం.

యూరప్‌లో 2006 జూలై 1 నుంచి ఎలక్ట్రానిక్ వస్తువుల్లో ప్రమాదకర పదార్థాలకు పరిమితులు వచ్చాయి. దాన్ని రోస్ అంటారు. సీసం 0.1 శాతం దాటకూడదు. కాడ్మియం దానిలో పదో వంతు, 0.01 శాతం. ఇది టీవీ మొత్తం బరువులో లెక్క కాదు, ఆ పదార్థం ఉన్న ఒక్కో పొర బరువులో లెక్క. మన దేశంలోనూ ఈ-వ్యర్థాల నిబంధనల్లో ఇవే అంకెలున్నాయి. 2022 నాటి నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి.

కాడ్మియం చుక్కలకు యూరప్ మినహాయింపు ఇచ్చింది. దాన్ని పొడిగించాలన్న ప్రతిపాదనను 2015 మేలో యూరప్ పార్లమెంటు తిప్పికొట్టింది. కాడ్మియం లేని తెరలు అప్పటికే మార్కెట్లో ఉన్నప్పుడు మినహాయింపు ఎందుకన్నది వాళ్ల ప్రశ్న. కాడ్మియం పక్షం వాళ్ల వాదన కూడా వినదగిందే. ఈ తెరలు తక్కువ కరెంటు తింటాయి, బొగ్గు కాల్చినప్పుడు కూడా కాడ్మియం గాల్లోకి వస్తుంది, కాబట్టి కరెంటు ఆదా అయితే మొత్తం మీద కాడ్మియం తగ్గుతుందని వాళ్లన్నారు. చివరికి 2017లో మినహాయింపును కుదించారు. తెరలో ప్రతి చదరపు మిల్లీమీటరుకు 0.2 మైక్రోగ్రాములు దాటకూడదన్నారు.

ఆ అంకె ఎంతో లెక్క వేసి చూద్దాం. 55 అంగుళాల టీవీ తెర వైశాల్యం సుమారు 8 లక్షల 35 వేల చదరపు మిల్లీమీటర్లు. 0.2తో గుణిస్తే సుమారు 167 మిల్లీగ్రాములు. ఒక పారాసిటమాల్ బిళ్లలోని 500 మిల్లీగ్రాముల మందులో మూడో వంతు. అదీ ప్లాస్టిక్ పొరల మధ్య మూసి ఉంటుంది. టీవీ చూస్తే కాడ్మియం ఒంట్లోకి రాదు. ఆ భయం ఎవరూ పెట్టుకోవద్దు. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీ ఒక్కదానిలో ఇంతకన్నా ఎన్నో రెట్లు ఉంటుంది.

మరి కాడ్మియం లేనిదంటే హాని లేనిదేనా? అదీ కాదు. ఇండియం ఫాస్ఫైడ్ ధూళి పీలిస్తే క్యాన్సర్ రావడానికి అవకాశం ఎక్కువన్న వర్గంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని చేర్చింది. కాడ్మియం అంతకన్నా పై వర్గంలో, క్యాన్సర్ తెస్తుందని రూఢి అయినవాటిలో ఉంది. అంటే మూడింటిలో ఏదీ కడిగిన ముత్యం కాదు. గోడ మీద ఉన్నంతకాలం మూడూ సాధువులే. తయారుచేసే చోట, పగలగొట్టే చోట వాటి అసలు గుణం బయటపడుతుంది.

పగలగొట్టే చోటు గురించి నా తప్పు ఒకటి చెప్పాలి.

1996లో మా అమ్మకు 21 అంగుళాల రంగుల టీవీ కొన్నాను. 2012లో అది మూలన పడింది. తోపుడు బండి కబాడీ అతనికి రెండు వందలకు ఇచ్చేశాను. ఇల్లు ఖాళీ అయిందని సంతోషించాను. వారం తర్వాత నాలా పక్క ఖాళీ జాగా మీదుగా నడిచి వస్తుంటే ఒక టీవీ పెట్టె కనిపించింది. దాని పక్కన మా అబ్బాయి అంటించిన క్రికెట్ స్టిక్కరు ఇంకా ఉంది. లోపలి గాజు గొట్టాన్ని రాయితో పగలగొట్టి, మెడ దగ్గరి రాగి తీగ చుట్ట తీసుకున్నారు. ఆ గాజులో సీసం కలిసి ఉంటుంది. పెద్ద గొట్టమైతే సీసమే కిలో దాకా, కొన్నింటిలో అంతకు మించి. పాత రంగుల టీవీల్లో కొన్నింటి లోపలి పూతలో కాడ్మియం కూడా ఉండేది. గాజు పొడి నాలా అంచున తెల్లగా పడి ఉంది. పక్కనే మరో గొట్టాన్ని పగలగొడుతున్న పిల్లాడికి పన్నెండేళ్లుంటాయి. చేతికి గుడ్డ చుట్టుకున్నాడు. ముక్కుకు ఏమీ లేదు. ఒంటి మీద మన బడి చొక్కా ఉంది.

నేను రోజూ చేతికి తొడుగులు, మొహానికి మాస్కు పెట్టుకుని తెరలు పరీక్షించేవాణ్ణి. ఏ పొరలో ఏ విషం ఎంత ఉందో కాగితాల మీద సంతకం పెట్టేవాణ్ణి. ఇంట్లోంచి బయటికి పంపిన టీవీ ఎటు పోతుందో మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఆ పిల్లాడితో, "బేటా, ఇది మంచిది కాదు" అన్నాను. వాడు, "మరి రాగి ఎట్లొస్తది సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అందుకే ఈ పోటీలో ఎవరు గెలిచారన్నదాన్ని నేను రంగు కొలిచే యంత్రంతో చూడటం మానేశాను. చివరికి ఆ వస్తువు ఎవరి చేతికి వెళ్తుందో అక్కణ్ణుంచి వెనక్కి చూస్తున్నాను. అలా చూస్తే మనలాంటి కొనేవాళ్లకు కావలసింది ఒకటే సమాచారం, పొరలో ఏముందన్నది. టీవీ పెట్టె మీద లేనిది సరిగ్గా అదే. క్యూలెడ్ అన్నది వ్యాపార పేరు. లోపల ఇండియం ఉందా, కాడ్మియం ఉందా అన్నది ఆ పేరు చెప్పదు. ఇంకో మెలిక గమనించండి. "కాడ్మియం లేదు" అన్న మాట వేరు, "రోస్ పరిమితికి లోబడి ఉంది" అన్న మాట వేరు. పొరలో కాడ్మియం 0.01 శాతం లోపు ఉండేలా, మిగతా పనికి ఇండియం చుక్కలు కలిపి చేసే పొరలూ ఉన్నాయి. అది చట్టబద్ధమే, మోసం కాదు. కానీ మనం అడిగితేనే తెలుస్తుంది.

ఇది మనకు దూరపు వ్యవహారం కాదు. 2018లో షావోమీ టీవీలు తిరుపతిలో డిక్సన్ కర్మాగారంలో తయారవడం మొదలైంది. 2021లో తెలంగాణలోని రేడియంట్ సంస్థతోనూ ఆ కంపెనీ చేతులు కలిపింది. మన పిల్లలు ఆ పనుల్లో చేరుతున్నారు. ఒకప్పుడు ఈసీ టీవీలు తయారైన వైపే, చర్లపల్లిలో, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-మెట్ ఉంది. అక్కడ రోస్ పరీక్షలు చేసే ప్రయోగశాల ఉంది. ఈ-వ్యర్థాల నుంచి లోహాలను పద్ధతిగా వెలికితీయడం మీద కూడా అక్కడ పని జరుగుతోంది. రాగి ఎట్లొస్తదని ఆ పిల్లాడు అడిగినదానికి జవాబు మన ఊళ్లోనే, నగరానికి అటు చివర ఉంది. మనం వాడికి ఆ దారి చూపలేదు.

ఇక కార్యదర్శి అడిగినదానికి జవాబు. తరగతి గదికి క్వాంటం చుక్కలు అవసరం లేదు. సినిమా చూసే ఇంటికైతే ఆ రంగుల తేడా తెలుస్తుంది. పాఠం చెప్పే గదికి కావలసింది కిటికీ వెలుగులో కూడా కనిపించే ప్రకాశం, తళతళ తక్కువున్న గాజు, చివరి బల్ల వరకు ఆనే సైజు, పాడైతే వచ్చి బాగుచేసే మనిషి. మంచి మామూలు ఎల్‌ఈడీ టీవీలు తీసుకోండి. ఒకవేళ ధర కలిసొచ్చి క్యూలెడ్ తీసుకున్నా, అమ్మేవాళ్లను మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు అడగండి. పొరలో ఉన్న పదార్థం ఏది? కాడ్మియం అసలు లేదా, లేక పరిమితి లోపు ఉందా? పదేళ్ల తర్వాత ఈ టీవీని ఎవరు వెనక్కి తీసుకుంటారు? మూడో ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత తయారీదారు మీద ఉందని నిబంధనలే చెబుతున్నాయి.

మిగిలిన డబ్బుతో ఒక పని చేద్దాం. మన బడి స్టోరు గదిలో పాత కంప్యూటర్ల మానిటర్లు పన్నెండు పడి ఉన్నాయి. నిన్న వెళ్లి లెక్కపెట్టి వచ్చాను. అవన్నీ గాజు గొట్టాలవే. గది ఖాళీ చేయించాలని ఎవరైనా కబాడీ బండిని పిలిచేలోపు, రిజిస్టరు అయిన రీసైక్లింగ్ సంస్థకు అప్పగించి రసీదు తీసుకుందాం. బండి ఖర్చు నాది. అలాగే ఏడాదికి ఒక ఆదివారం మాదన్నపేట మండీ దగ్గర పాత టీవీలు, ఫోన్లు, బ్యాటరీలు సేకరించే శిబిరం సంఘం తరఫున పెడదాం. మనతో చదివినవాళ్లలో టీవీ రిపేరు చేసేవాళ్లున్నారు, పాత సామాను వ్యాపారంలో ఉన్నవాళ్లున్నారు. ముందు వాళ్లను పిలిచి కూర్చోబెట్టుకుందాం. వాళ్ల పొట్ట మీద కొట్టి చేసే మంచి పని నిలబడదు.

మా సైన్సు సార్ ముందు వరసలో కూర్చుని ఉన్నారు. పట్టకంలో ఏడు రంగులు మొదటిసారి చూపించింది వారే. ఆ రోజు మేమంతా చప్పట్లు కొడితే, "రంగు చూసి మురిసిపోవడం కాదురా, వెలుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎటు పోయిందో రెండూ రాయండి" అన్నారు. నేను ఇరవై ఏడేళ్లు మొదటి సగమే రాశాను సార్. రెండో సగం ఈ పన్నెండు మానిటర్లతో మొదలుపెడతాను.